ఒడ్డెక్కే ఇసుక, ఒడ్డెక్కని ఇసుక: సముద్రంలో పోసిన పూడిక జాడ తీసే పద్ధతులు

ఓడరేవుల ముఖద్వారాల్లో, ఓడలు నడిచే కాలువల్లో పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి తీసి, కోతకు గురవుతున్న తీరానికి ఎదురుగా సముద్రం అడుగున పోయడం తీర పోషణలో ఒక పద్ధతి. ఇసుకను గొట్టాల ద్వారా ఒడ్డు మీదికే తెచ్చి పరచడం కన్నా ఇది చవక. పోసినదాన్ని అలలే మెల్లగా ఒడ్డుకు చేరుస్తాయన్నది దీని వెనకున్న ఆశ. అందులో ఎంత ఒడ్డెక్కింది, ఎంత తీరం వెంబడి పక్క ఊరికి సాగిపోయింది, ఎంత తిరిగి రేవు కాలువలోనే పడింది, ఎంత లోతుల్లోకి జారిపోయింది అని తేల్చడమే పూడిక జాడ పరిశోధన. సముద్ర విజ్ఞానం, తీర ఇంజనీరింగ్, ఖనిజ శాస్త్రం, అణు విజ్ఞానం ఇందులో కలిసి పనిచేస్తాయి.

తెలుగువారి తీరంలో దీనికి సరైన ఉదాహరణ విశాఖపట్నం. రేవు నోట్లో చేరే ఇసుకను తీసి ఉత్తరాన ఉన్న రామకృష్ణ బీచ్ (ఆర్కే బీచ్) వైపు చేర్చడం అక్కడ పాత అలవాటే. ఇన్ని లక్షల ఘనపు మీటర్లు పోశామని ప్రకటించే అంకె మాత్రం డ్రెడ్జర్ చేసిన పనికి కొలత. బీచ్‌కు ఎంత అందిందో అది చెప్పదు. ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

ఇసుక ఎక్కడిది?

భువనగిరి గుట్టను చూస్తే గ్రానైటుకు అరుగుదల ఉంటుందని అనిపించదు. కానీ ఎండకూ వానకూ ఆ రాయి పొరలు పొరలుగా ఊడుతూనే ఉంది. దానిలోని ఫెల్డ్‌స్పార్ క్రమంగా బంకమన్నుగా మారుతుంది, గట్టి క్వార్ట్జ్ గింజలు ఇసుకగా మిగులుతాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ ఎత్తు నేలలు చాలావరకు ఇలాంటి గ్రానైటు, నైస్ శిలలతో ఏర్పడినవే. భువనగిరికి దక్షిణంగా పారే మూసీ ఈ ఇసుకను వాడపల్లి దగ్గర కృష్ణలో కలుపుతుంది. పాలమూరు వైపు నుంచి డిండి వాగు కూడా కృష్ణకే చేరుతుంది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న జిల్లాలు కూడా తీరానికి ఇసుక పంపినవే.

ఇప్పుడా దారిలో అడ్డుకట్టలు చాలా ఉన్నాయి. మూసీ మీద హైదరాబాద్ ఎగువన ఉస్మాన్‌సాగర్, దిగువన సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉన్నాయి. డిండి ఇసుక 1967లో నీళ్లు వదిలిన నాగార్జున సాగర్ జలాశయంలోనే ఆగుతుంది. వాడపల్లి దాటిన ఇసుకకు పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ ఎదురవుతాయి. నిలిచిన నీటిలో ముందు కిందికి దిగేది ముతక ఇసుకే కాబట్టి, బీచ్‌కు పనికొచ్చే సరుకు జలాశయాల్లోనే ఉండిపోతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ నష్టాన్ని అంకెల్లో పెట్టింది. గోదావరి ఏటా మోసే తేలియాడే మట్టి 1970ల్లో సుమారు 15 కోట్ల టన్నులు ఉండేది, 2000 తర్వాత 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. కృష్ణలో 1960ల చివర 90 లక్షల టన్నులు ఉన్నది 4 లక్షల టన్నులకు పడిపోయింది. 1965 నుంచి 2008 వరకు ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరం మొత్తం మీద నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. దేశం మొత్తం చూస్తే, 1990 నుంచి 2016 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, తీరంలో సుమారు మూడో వంతు కోతకు లోనవుతోందని తేల్చింది. నది నుంచి రావలసిన ఇసుక ఆగిపోయినచోట రేవులో తవ్వి తీసిన ఇసుక విలువైన సరుకవుతుంది. దాన్ని పారబోయవలసిన చెత్తగా చూసే రోజులు అందుకే పోతున్నాయి.

అంతమాత్రాన మూసీ ఇసుక నేరుగా ఆర్కే బీచ్‌కు వెళ్తుందనుకోకూడదు. విశాఖ తీరానికి వచ్చే ఇసుకలో కొంత దక్షిణం నుంచి అలలు నడిపించుకొచ్చేది, కొంత స్థానిక కొండలు, గెడ్డలు ఇచ్చేది.

విశాఖ రేవు, దాని ఉత్తరపు ఒడ్డు

మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి వంపుగా వచ్చి ఒడ్డును తాకుతాయి, ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఈ కదలిక తిరగబడి దక్షిణానికి సాగుతుంది. రెండింటిలో మొదటిదే బలమైనది, నిడివీ దానిదే ఎక్కువ. అందువల్ల ఏడాది చివర లెక్క చూస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికే పోయి ఉంటుంది. ఈ దారికి అడ్డంగా ఏ గోడ కట్టినా దానికి దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసులో 1875 తర్వాత రేవు గోడలు లేచాక ఇదే జరిగింది. దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం ఒడ్డు కరిగింది.

విశాఖ లోపలి రేవు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే పర్రభూమిని తవ్వి దాన్ని కట్టారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక కాలువను మూసేస్తుందని ఇంజనీర్లకు అప్పుడే తెలుసు. ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను కావాలనే ముంచి అలలకు అడ్డుగా నిలిపారు. ఆ అడ్డు చాటున నీరు కాస్త నిమ్మళించి, ఇసుక అక్కడే దిగేలా చేశారు. ఇలా ఇసుకను రప్పించి పట్టే గుంటను శాండ్ ట్రాప్ అంటారు. 1970ల్లో ఇనుప ఖనిజం ఎగుమతి కోసం పొడవైన బ్రేక్‌వాటర్లతో బయటి రేవు వచ్చింది. ఇసుక దారికి అడ్డు మరింత పెద్దదైంది. దక్షిణపు గోడ కొన దగ్గర శాండ్ ట్రాప్‌ను ఏటా తవ్వక తప్పదు. తవ్వినదాన్ని ఉత్తరపు ఒడ్డుకు చేర్చడమూ అంతే అవసరం, లేకపోతే కోస్టల్ బ్యాటరీ నుంచి పాండురంగాపురం దాకా ఒడ్డు మనలేదు. ఈ పనులు చేసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1976లో ఏర్పడింది, దాని కార్యకలాపాల కేంద్రం విశాఖలోనే ఉంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఆర్కే బీచ్ కోత నగరమంతటి సమస్య అయింది. ఒడ్డు గోడలు కూలాయి, బీచ్ రోడ్డు అంచులు దెబ్బతిన్నాయి, రాళ్లు పోశారు, ఇసుకా పోశారు. ఒక ఏడు పోసిన ఇసుక మరుసటి ఏటికి కనిపించకపోతే డబ్బు సముద్రం పాలైందన్న మాట వినిపించేది. ఆ మాటలో సగమే నిజం ఉంది. బీచ్ మీద కనిపించని ఇసుక నీటి కింద దిబ్బగా ఉండి, తుపాను అలను ఒడ్డుకు ముందే విరిచి బలం తగ్గిస్తూ ఉండవచ్చు. లాసన్స్ బే దాకా నడిచి అక్కడి ఒడ్డును పెంచి ఉండవచ్చు. నిజంగానే లోతుల్లోకి పోయి ఉండవచ్చు కూడా. వీటిలో ఏది జరిగిందో కంటితో చూసి చెప్పగలిగేది కాదు.

విశాఖ ఒడ్డు ఇలా పెరిగి తరగడం కొత్త విషయమేమీ కాదు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అతిథి ఆచార్యుడిగా వచ్చారు. ఆయన, ఆర్. ప్రసాదరావు కలిసి వాల్తేరు దగ్గర బీచ్ కోత చక్రాలను కొలిచి, 1954లో విశ్వవిద్యాలయం సముద్ర విజ్ఞాన సంపుటంలో ప్రచురించారు. ఒడ్డు ఏ కాలంలో పలచబడుతుందో, ఏ కాలంలో తిరిగి నిండుతుందో చెప్పే తొలి లెక్కలు అవి. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయల్లో మూడింటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని లాఫాండ్ పెట్టిన పేర్లే నిలిచాయి. సహజంగా వచ్చిపోయే ఈ ఇసుకను మినహాయించకుండా పోషణ ఫలితాన్ని కొలిస్తే తప్పుడు సమాధానమే వస్తుంది. ఒడ్డు నిండే కాలంలో కొలిచినవాడు పథకం గెలిచిందంటాడు, తరిగే కాలంలో కొలిచినవాడు ఓడిందంటాడు.

ఎంత లోతులో పోయాలి?

అల శిఖరం కింద నీరు ఒడ్డు వైపు కొద్దిసేపే అయినా చురుగ్గా తోస్తుంది. శిఖరాల మధ్య పల్లంలో నీరు సముద్రం వైపు ఎక్కువసేపు, నెమ్మదిగా వెనక్కి పోతుంది. అడుగున ఉన్న ముతక గింజకు చురుకు తోపే లెక్క, నెమ్మది లాగుడుకు అది లేవదు. ప్రశాంత కాలపు అలలు ఇసుకను ఒడ్డుకు చేర్చే రహస్యం ఇదే. తుపానులో కథ మారుతుంది. ఒడ్డు మీద విరిగిన నీరంతా అడుగు నుంచి వెనక్కి పరుగెత్తుతూ ఇసుకను లోపలికి ఈడ్చుకుపోతుంది. సన్నటి ఒండ్రుకు ఈ రెండు దారులూ లేవు. అది నీటిలో తేలుతూ ప్రవాహం ఎటు పోతే అటు పోతుంది. అందుకే తవ్విన సరుకులో ఇసుక ఎంత, ఒండ్రు ఎంత అన్నది తేలకుండా తర్వాతి లెక్కలేవీ మొదలుకావు.

లోతు పెరిగేకొద్దీ అల ప్రభావం తగ్గిపోతుంది. 10 సెకన్లకొకటి వచ్చే అల పొడవు లోతైన నీటిలో సుమారు 156 మీటర్లు, దాని కదలిక అందులో సగం లోతు దాకానే తెలుస్తుంది. ఇసుకను గణనీయంగా కదిలించే బలం అంతకన్నా చాలా పైనే ఆగిపోతుంది. ఆ హద్దును అంచనా వేసే సూత్రాన్ని హాలర్‌మేయర్ అనే పరిశోధకుడు 1978లో ఇచ్చాడు. ఏడాదిలో 12 గంటలు మాత్రమే మించే అల ఎత్తును తీసుకుంటే, దానికి రెట్టింపుకు అటూ ఇటూగా ఉండే లోతు దగ్గర అడుగు మట్టం పెద్దగా మారదని దాని సారాంశం. ఈ హద్దుకు లోపల పోసిన ఇసుక ఒడ్డుకు చేరగలదు, ఆవల పోసినది పడినచోటే ఉండిపోతుంది.

ఈ పాఠం సూత్రంగా రాకముందే ఖర్చుగా వచ్చింది. 1935లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా ఎదుట సుమారు 6 మీటర్ల లోతులో రేవు ఇసుక పోశారు. అది ఒడ్డుకు కదల్లేదు. 1948లో న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్ దగ్గర ఇంకా లోతుగా, 11 మీటర్లకు పైగా ఉన్నచోట పోశారు. అదీ అంతే. దాంతో నీటిలో పోసే పద్ధతి మీదే చాలాకాలం నమ్మకం పోయింది. 1976లో నార్త్ కరోలినాలోని న్యూ రివర్ ఇన్‌లెట్ దగ్గర, తక్కువ నీటిలో నడవగల తెరిచే అడుగున్న పడవతో 2 నుంచి 4 మీటర్ల లోతులోనే పోసి చూశారు. ఈసారి ఇసుక ఒడ్డుకు నడిచింది. తేడా అంతా లోతులో ఉంది, ఆ లోతుకు వెళ్లగల పడవలో ఉంది. తవ్వినదాన్ని తన తొట్టెలోనే (హాపర్) మోసుకెళ్లే పెద్ద హాపర్ డ్రెడ్జర్ నిండుగా ఉన్నప్పుడు దానికి చాలా నీరు కావాలి. ఒడ్డుకు దగ్గరగా రాలేని డ్రెడ్జర్ ఎక్కడ పోయగలిగితే అక్కడే పోసి, దానికి తీర పోషణ అని పేరు పెట్టడం సులువు. ముక్కు నుంచి ఇసుక నీళ్లను ఇంద్రధనుస్సులా ఎగజిమ్మే పద్ధతి, తేలే గొట్టాలతో ఒడ్డుకు పంపే పద్ధతి ఈ ఇబ్బందిని తప్పించడానికి వచ్చినవే. విశాఖలో ఈ రెండూ వాడారు.

నెదర్లాండ్స్ 1993లో టెర్‌షెలింగ్ దీవి దగ్గర నీటి కింది రెండు ఇసుక దిబ్బల నడుమ పల్లంలో సుమారు 20 లక్షల ఘనపు మీటర్లు నింపింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అడుగు మట్టం కొలుస్తూ పోయింది. నింపిన దిబ్బ తాను ఒడ్డుకు పోవడం కన్నా, అలలను విరిచి తన చాటున ఇతర ఇసుకను ఆపడం ద్వారా కూడా తీరాన్ని పెంచగలదని అప్పుడు స్పష్టమైంది. 2011లో హేగ్ నగరం దగ్గర ఒకేచోట 2.15 కోట్ల ఘనపు మీటర్లు పోసి, దాన్ని అలలే పంచుకోనిమ్మని వదిలేశారు. ఆ దేశానికి ఇది సాధ్యమైంది డబ్బు ఉన్నందుకే కాదు. పోసే ముందు నుంచే కొలవడం మొదలుపెట్టే అలవాటు వారికి ఉంది.

జాడ ఎలా తీస్తారు?

అన్నిటికన్నా పాత పద్ధతి అడుగు మట్టాన్ని మళ్లీ మళ్లీ కొలవడం. పోయకముందు ఒకసారి, పోసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి ఎకో సౌండర్‌తో లోతులు తీసి, ఒక పటం నుంచి మరొకదాన్ని తీసివేస్తారు. ఎక్కడ తరిగింది, ఎక్కడ పెరిగింది అన్నది రంగుల్లో కనిపిస్తుంది. ఒడ్డు మీద కొలతలూ దీనికి జతచేస్తారు. పద్ధతి తేలికైనదే, మోసం కూడా అందులోనే ఉంది. ఒక చదరపు కిలోమీటరు మేర లోతు కొలతలో 10 సెంటీమీటర్ల పొరపాటు ఉంటే, అది లక్ష ఘనపు మీటర్ల తేడా అవుతుంది. ఏడాది పొడవునా పోసిన ఇసుకలో పెద్ద భాగం ఆ పొరపాటులోనే మునిగిపోవచ్చు. పైగా హాపర్‌లో కొలిచిన ఘనపరిమాణం, అడుగున సర్దుకున్నాక ఉండే ఘనపరిమాణం ఒకటి కావు. పటం చెప్పలేనిది ఇంకొకటుంది: ఒడ్డున పెరిగిన ఇసుక మనం పోసినదా, దక్షిణం నుంచి కొత్తగా వచ్చినదా?

దీనికి సమాధానం గుర్తు పెట్టిన గింజలు ఇస్తాయి. అక్కడి ఇసుకనే తీసుకుని, అతినీల లోహిత కాంతిలో వెలిగే రంగు పూసి, పోసేచోట వదులుతారు. తర్వాత రోజులూ వారాలూ వేర్వేరు చోట్ల అడుగు మట్టి నమూనాలు తీసి, చీకటి గదిలో దీపం కింద పెట్టి వెలిగే గింజలు లెక్కిస్తారు. 0.3 మిల్లీమీటర్ల గింజలైతే ఒక్క కిలోలో 2.5 కోట్లకు పైగా ఉంటాయి. అందుకే కొన్ని వందల కిలోల రంగు ఇసుకతో చాలా దూరం జాడ తీయవచ్చు. రంగుతోపాటు అయస్కాంత గుణం కూడా కలిపిన గింజలు తర్వాత వచ్చాయి. నమూనాలోంచి వాటిని అయస్కాంతంతో లాగి వేరుచేస్తారు కాబట్టి లెక్కించే శ్రమ బాగా తగ్గుతుంది. ఏ రకమైనా ఒక నియమం తప్పదు: గుర్తు గింజ పరిమాణంలో, సాంద్రతలో, ఆకారంలో అసలు ఇసుకతో సరిపోలాలి. రంగు పొర మందమై గింజ తేలికైతే, అది ఇసుక జాడ చెప్పదు, తన జాడే చెబుతుంది.

విశాఖ లాంటి తీరంలో అయస్కాంత గింజలకు ఒక చిక్కు ఉంది. అక్కడి ఇసుకలో సహజంగానే ఇల్మనైట్ వంటి నల్లటి ఖనిజాలు చాలా ఉన్నాయి, వాటికీ అయస్కాంతం పనిచేస్తుంది. అదే తీరం మరోలా మేలు చేస్తుంది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి కొండలు ఖోండలైటు శిలలు. ఖోండు గిరిజనుల పేరుతో 1902లో టి.ఎల్. వాకర్ ఈ శిలకు ఆ పేరు పెట్టాడు. అందులో గార్నెట్, సిల్లిమనైట్ దండిగా ఉంటాయి. భీమిలి వైపు ఒడ్డున అలలు వెనక్కి తగ్గినప్పుడు కనిపించే ఎర్రటి, నల్లటి చారలు ఈ బరువు ఖనిజాలవే. రేవు నోట్లో చేరిన ఇసుకలో వీటి పాళ్లు ఒక రకంగా, ఉత్తరపు ఒడ్డు ఇసుకలో మరో రకంగా ఉంటే, ఏ రంగూ పూయకుండానే ఎవరి ఇసుక ఎక్కడికి చేరిందో ఊహించవచ్చు. ఖర్చు తక్కువ, ఎంత కాలమైనా చెరగని గుర్తు. కానీ అలలు బరువు గింజలను, తేలిక గింజలను తామే జల్లెడ పట్టి వేరుచేస్తాయి కాబట్టి ఈ లెక్క ఒంటరిగా నిలవదు.

అన్నిటికన్నా సూటిగా సమాధానం చెప్పే పద్ధతి రేడియోధార్మిక గింజలది. లండన్ రేవు కోసం 1950ల్లో థేమ్స్ నదీముఖంలో దీన్ని వాడినప్పుడు కథే తిరగబడింది. తవ్వి దూరంగా పారబోసిన బురద సముద్రంలోకి పోవడం లేదని, నదిలోకే తిరిగి వస్తోందని తేలింది. ఏళ్ల తరబడి ఒకే మట్టిని మళ్లీ మళ్లీ తవ్వుతున్నారన్నమాట. ఆ పరిశోధనకు పేరుపడిన సర్ క్లాడ్ ఇంగ్లిస్ అంతకుముందు పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జల పరిశోధన కేంద్రానికి నాయకత్వం వహించినవారే.

మన దేశంలో ఈ విద్యను భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ముంబై రేవులో, హుగ్లీ నదీముఖంలో, ఇంకా అనేక చోట్ల ప్రయోగించారు. స్కాండియం కలిపిన గాజును అక్కడి మట్టి గింజల పరిమాణానికి పొడి చేస్తారు. గాజు సాంద్రతను కూడా ఇసుకకు సరిపోయేలా ముందే చూసుకుంటారు. ఆ పొడిని రియాక్టర్‌లో ఉంచితే స్కాండియం-46 తయారవుతుంది. దాన్ని పోసేచోట సముద్రం అడుగున వదిలి, నీరు చొరని గామా డిటెక్టర్‌ను స్లెడ్జి మీద పెట్టి పడవతో లాగుతూ అడుగంతా గాలిస్తారు. నమూనాలు ఒడ్డుకు తేనక్కర్లేదు, పడవలోనే పటం తయారవుతుంది. స్కాండియం-46 అర్ధాయుష్షు సుమారు 84 రోజులు. ఒక రుతువంతా వెంబడించడానికి ఇది చాలు, ఏడాది తిరిగేసరికి 20వ వంతు మాత్రమే మిగులుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఇలాంటి ప్రయోగం చేయకూడదు. అయినా రేడియోధార్మికత అనే మాట వినగానే మత్స్యకారులకు భయం కలగడం సహజం. ముందే వెళ్లి వివరించడం కూడా ప్రయోగంలో భాగమే.

పటం నుంచి పరిమాణం ఇలా వస్తుంది. గుర్తు గింజల మబ్బుకు మధ్య బిందువు ఎక్కడుందో ప్రతి సర్వేలో లెక్కగడతారు. అది రోజుకు ఎంత జరిగిందో వేగం. గింజలు అడుగులో ఎంత లోతు దాకా కలిసిపోయాయో అది కదిలే పొర మందం. ఉదాహరణకు మధ్య బిందువు రోజుకు 3 మీటర్లు జరిగి, పొర మందం 10 సెంటీమీటర్లు ఉంటే, మీటరు వెడల్పుకు రోజుకు 0.3 ఘనపు మీటరు ఇసుక నడిచినట్టు. 500 మీటర్ల వెడల్పున అది 150 ఘనపు మీటర్లు. ఈ లెక్కలో వేగం కన్నా పొర మందం దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒక పెద్ద అలల రోజు ఆ మందాన్ని రెట్టింపు చేయగలదు.

మిగిలినది కంప్యూటర్ నమూనాల పని. అలలు, ప్రవాహాలు, అడుగు మట్టం ఇచ్చి, పోసినచోట వేల ఊహా గింజలను వదిలి, ఒక్కో గింజ దారిని లెక్కగడతారు. ఇక్కడ హైదరాబాద్‌కు ఒక పాత్ర ఉంది. ప్రగతినగర్ దగ్గర ఉన్న సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ దేశ తీరమంతటికీ అలల ముందస్తు అంచనాలు ఇస్తుంది, అలలు కొలిచే బోయాల నుంచి సమాచారం సేకరిస్తుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం భూ గ్రాహక కేంద్రం 1979 నుంచీ ఉపగ్రహ చిత్రాలను అందుకుంటోంది. బీచ్ గీత ఏ ఏడాది ఎక్కడుందో గీసి చూపగలిగేది ఈ చిత్రాల వల్లనే. ఇన్ని ఉన్నా, గుర్తు గింజల కొలతతో సరిచూడని నమూనాను నమ్మి డ్రెడ్జర్‌ను పంపడం తొందరపాటే. నమూనాలో ఇసుకను తరచు ఒకే పరిమాణంగా తీసుకుంటారు, సముద్రంలో అలా ఉండదు.

పంచాంగం దగ్గర చిక్కు

విశాఖ శాండ్ ట్రాప్ నైరుతి కాలంలో నిండుతుంది. నిండాకే తవ్వాలి కాబట్టి పని సహజంగా అక్టోబర్ తర్వాతికి జరుగుతుంది. ఆ నెలల్లో తీరం వెంబడి కదలిక దక్షిణానికి మళ్లి ఉంటుంది. ఉత్తరపు ఒడ్డున పోసిన ఇసుకలో కొంత రేవు వైపే వెనక్కి రావచ్చు. రేవు గోడకు మరీ దగ్గరగా పోస్తే తవ్విన ఇసుకనే మరుసటి ఏడు మళ్లీ తవ్వే ప్రమాదం ఉంటుంది. దూరంగా పోస్తే గొట్టం పొడవు, పడవ తిరిగే సమయం, రెండింటితో ఖర్చూ పెరుగుతుంది. ఎంత దూరం సరిపోతుందన్నది లోతు పటం ఒక్కటే చెప్పలేదు. అక్టోబర్‌లో ఒకచోట, ఫిబ్రవరిలో మరోచోట రెండు రంగుల గింజలు వదిలి, ఏ రంగు ఎటు పోయిందో చూస్తే తేలుతుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇదే తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గొట్టాలు, రాత్రి దీపాలు, ఒడ్డున గట్టిపడిన కొత్త ఇసుక వాటికి అడ్డు. ఒడ్డు నుంచి అలివి వల లాగే జాలారిపేటల వారికి అడుగు నునుపుగా ఉండాలి. కొత్తగా లేచిన దిబ్బ ఎక్కడుందో వాళ్లకు ముందే చెప్పకపోతే వల చిరుగుతుంది. పైగా వేటకు వెళ్లినప్పుడల్లా అడుగు ఎక్కడ మెత్తబడింది, ఎక్కడ గట్టిపడింది అని గమనించేది వారే. లోతు సర్వేలు జరిగే మధ్య నెలల్లో ఆ గమనికలను తేదీలతో రాయించుకునే ఏర్పాటు చేస్తే, దానికయ్యే ఖర్చు డ్రెడ్జర్ ఒక్క రోజు అద్దెలో చిన్న భాగం కూడా కాదు.